పాతపట్నానికి ఒక సబ్బుల పెట్టె పంపనివ్వండి

జీఎస్టీ మండలి సభ్యులకు, ముఖ్యంగా ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రులకు నమస్కారాలతో,

నేను ఆంధ్రలోని పాతపట్నం వైపు ఆడపడుచును, ఒడిశాలోని పర్లాకిమిడి కోడలిని. మా మామగారు పెట్టిన కిరాణా కొట్టును ఆయన తరువాత మావారు చూసుకున్నారు. మావారి ఆరోగ్యం చెడ్డాక నేను చూసుకుంటున్నాను. గల్లా పెట్టె ముందు కూర్చుని ఇరవై రెండేళ్లు గడిచాయి.

మా ఊరి నుంచి పాతపట్నం ఆటోలో పావుగంట. పుట్టింటివాళ్లు పండగకు అరిసెలు పంపితే వేడి చల్లారకముందే నా చేతికి అందుతాయి. మధ్యలో రాష్ట్రాల గీత ఉన్నా పెళ్లి సంబంధాలకు అడ్డం రాలేదు, నీలమణి దుర్గమ్మ మొక్కులకు అడ్డం రాలేదు. నా కొట్టు నుంచి ఒక సబ్బుల పెట్టెను అవతలి పల్లెలోని చిన్న కొట్టుకు పంపడానికి మాత్రం ఆ గీత గోడలా నిలబడింది. పంపడాన్ని ఎవరూ నిషేధించలేదు. కానీ ఒక్క పెట్టె పంపితే చాలు, ఆ రోజు నుంచి నా కొట్టులో అమ్మే ప్రతి పొట్లానికీ జీఎస్టీ లెక్క రాసి ఒప్పజెప్పాలి. ఈ ఒక్క నిబంధన మార్చమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గీత ఎలా వచ్చిందో మీకు తెలియనిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. మా పట్నం ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం వైపు భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఈ ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పుడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. వర్తకులు మాత్రం కదల్లేదు. కొండల్లోని గుమ్మ నుంచి, ఆంధ్ర వైపు మెళియాపుట్టి నుంచి జనం వచ్చి సరుకు కొనే బజారు ఇక్కడే ఉంటే వాళ్లెక్కడికి పోతారు? 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు మార్గం ఇప్పుడు పెద్దదయింది. ఇప్పటికీ ఆ మార్గం నౌపడలో మొదలై, పాతపట్నం, పర్లాకిమిడి దాటి, గుణుపురం వెళ్తుంది. మా బజారుకు గిరాకీ కూడా అదే దారిలో వస్తుంది.

ఇక నాకు తెలిసిన ఒకామె సంగతి చెబుతాను. పేరు రాయను. పాతపట్నం మండలంలో ఒక పల్లెలో, ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకుంది. నన్ను వదినా అని పిలుస్తుంది. మా మధ్య చుట్టరికం లేదు, పదిహేనేళ్ల పద్దు ఉంది. ఇంతకుముందు ఆమె ఫోనులో సరుకు చెప్పేది. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి, షాంపూ పొట్లాల దండలు, అగరుబత్తి, దోమల చక్రాలు అట్టపెట్టెలో సర్ది మా కొట్టు కుర్రాడి చేత వారానికోసారి మోపెడ్ మీద పంపేదాన్ని. రెండేళ్ల కిందట బ్యాంకు అప్పు కోసం పద్దులు రాయించడానికి ఒక ఆడిటరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన నా పుస్తకం తిరగేస్తూ ఆమె పేజీ దగ్గర ఆగారు. "అమ్మా, ఇది రాష్ట్రం దాటిన అమ్మకం. ఇలా పంపితే మీరు మొదటి రూపాయి నుంచీ జీఎస్టీ రిజిస్ట్రేషను తీసుకోవాలి" అన్నారు. తెలియక చేశాను. తెలిసిన మర్నాడే మానేశాను.

అప్పటి నుంచి ఆమె స్వయంగా వస్తోంది. నా గుమ్మంలో చిల్లర బిల్లు మీద కొనుక్కుని తన చేత్తో పట్టుకుపోతే అది ఇక్కడి అమ్మకం కిందికే వస్తుందట. అదే పెట్టెను నేను పంపితే వేరే లెక్క. వారానికి మూడు వేల రూపాయల సరుకు తీసుకుంటుంది. కంపెనీ ఏజెన్సీ నాకు వదిలేదే వందకు ఎనిమిది, పది రూపాయలు. అందులో సగం ఆమెకు వదులుతాను. మూడు వేలకు ఆమెకు మిగిలేది మహా అయితే నూట యాభై. వచ్చేటప్పుడు ఆటోకు ఇరవై, సరుకుతో తిరిగి వెళ్లేటప్పుడు వంద. ముప్పై రూపాయలు చేతిలో ఉంటాయి. ఆ పూటంతా కొట్టు మూసి ఉంటుంది. ఆ పూట టీపొడి కోసం వచ్చినవాళ్లు తలుపుకు తాళం చూసి వెనక్కి పోతారు. రెండుసార్లు తాళం చూసినవాళ్లు మూడోసారి రారని కొట్టు నడిపే ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ మధ్య వచ్చినప్పుడు అట్టపెట్టెకు తాడు కట్టుకుంటూ అడిగింది. "వదినా, మా అబ్బాయి ఫోనులో చెప్పుల జత బుక్ చేస్తే ఎక్కడో ఢిల్లీ పక్క నుంచి మా గుమ్మంలోకి వచ్చింది. నువ్వు పక్క ఊరి నుంచి ఎందుకు పంపలేవు?" నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందనే రాస్తున్నాను.

నిబంధనలు నాకు అర్థమైనంతవరకు రాస్తాను, తప్పుంటే దిద్దండి. సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను కావాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి ఒడిశాలోనూ ఆంధ్రలోనూ ఈ హద్దే ఉంది. నా అమ్మకం ముప్పై లక్షలు కూడా ఉండదు కాబట్టి నాకు అవసరం లేదు. కానీ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకు ఆ 40 లక్షల హద్దు వర్తించదు. వంద రూపాయల సరుకు పంపినా రిజిస్ట్రేషను తప్పనిసరి. నాకంటే కొంచెం పెద్ద కొట్లకు కాంపోజిషన్ పద్ధతి ఉంది. కోటిన్నర దాకా అమ్మకాలున్న వర్తకులు ఒక శాతం కట్టి, లెక్కల బాధ తగ్గించుకోవచ్చు. రాష్ట్రం బయటకు సరుకు పంపితే వాళ్లకు కూడా ఆ వెసులుబాటు పోతుంది. అంటే చిన్నవాళ్లకు మీరు ఇచ్చిన రెండు రక్షణలూ మాకు గీత దగ్గరే ఆగిపోతున్నాయి. కటక్‌లో కొట్టు ఉన్నవాడికి చుట్టూ నాలుగు దిక్కులా సొంత రాష్ట్రమే, ఈ ఇబ్బంది అతడి ఊహకు కూడా రాదు. మాకు బజారులో ఒక పక్క మొత్తం పరాయి రాష్ట్రం.

2017 జూలైలో జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌గేట్లు ఎత్తేసినప్పుడు మా వీధిలో అందరం సంతోషించాం. లారీలు ఆగకుండా పోతున్నాయి, అందులో మేలు ఉంది, కాదనను. మాలాంటివాళ్లకు మాత్రం ఆ గేటు రోడ్డు మీద నుంచి లేచి పద్దు పుస్తకంలోకి వచ్చి కూర్చుంది.

"రిజిస్ట్రేషను తీసుకుంటే పోయేదేముంది, కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయించుకోవచ్చు కదా" అని చదువుకున్నవాళ్లు అంటారు. ఆ మాట నిజమే. పన్ను రూపేణా నా మీద పడేది కొద్దిగానే. నా ఇబ్బంది అక్కడ లేదు, అరువులో ఉంది. అది అర్థం కావాలంటే నా ఖాతా పుస్తకం చూడాలి.

ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం. ఇంటికో పేజీ. కొన్ని పేజీలకు చింతపండు మరకలు, కొన్నింటి అంచుకు నూనె వేలిముద్రలు. కొండ మీది సవర కుటుంబం పేజీ ఒకటి తెరుస్తాను. జూన్ మొదటి వారంలో ఒక గొడుగు, నాలుగు నోటు పుస్తకాలు, రెండు కిలోల ఉప్పు. జూలైలో నూనె, సబ్బులు, కొవ్వొత్తులు. ఆగస్టులో పేజీ నిండి పక్క పేజీకి పోయింది. చేతిలో పని లేని నెల అది, కొండ దారులు చిత్తడిగా ఉండే నెల. నవంబరులో రెండు వందలు జమ. ఆ తరువాత మళ్లీ ఏప్రిల్ దాకా జమ గళ్లు ఖాళీ. జీడిపిక్కలు అమ్ముకున్నాక ఆ ఇంటి పెద్ద వచ్చి, గోచీలో ముడి వేసుకున్న నోట్లు విప్పి, ఒక్కొక్కటి లెక్కపెట్టి నా ముందు పెడతాడు. నేను పేజీ మీద అడ్డంగా గీత కొడతాను. ఇద్దరం ఆ గీత వైపు కాసేపు చూస్తాం. తరువాత కొత్త పేజీ మొదలవుతుంది.

ఈ మధ్య మరో రకం జమ కూడా వస్తోంది. కేరళకో చెన్నైకో పనికి వెళ్లిన కొడుకు అక్కడి నుంచే నా ఫోనుకు ఐదు వందలు పంపుతాడు. "పిన్నీ, అమ్మ ఖాతాలో రాసుకో" అని ఫోను చేస్తాడు. ఏ బ్యాంకూ అప్పివ్వని ఇళ్లకు మా కొట్లే బ్యాంకులు. వడ్డీ లేదు, హామీ లేదు.

జీఎస్టీ లెక్కలో మాత్రం సరుకు చెయ్యి దాటిన నెలకే పన్ను పడుతుంది, డబ్బు ఎప్పుడొచ్చినా సరే. జూలైలో ఇచ్చిన సబ్బుల పన్ను ఆగస్టులో కట్టాలి, సబ్బుల డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది. పన్ను లెక్క చూపే రిటర్నులు మూడు నెలలకోసారి ఇచ్చే వీలున్నా పన్ను నెలనెలా కట్టవలసిందే. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, నాలాంటి చిన్న కొట్టుకు ఒక రిటర్నుకు రెండు వేల దాకా. ఆడిటరుగారి ఖర్చు నెలకు పదిహేను వందలు చెప్పారు. పాతపట్నం ఆమెకు నెలంతా పంపే పన్నెండు వేల సరుకు మీద నాకు మిగిలేది మహా అయితే ఆరు వందలు.

పైగా ఆ లెక్క ఆమెకు పంపే పెట్టెతో ఆగదు. కొట్టు మొత్తం అందులోకి వస్తుంది. కందిపప్పు గోనెలోంచి తూచి ఇస్తే పన్ను లేదు. అదే పప్పు ముందే కట్టి లేబుల్ వేసిన పొట్లంలో ఇస్తే 2022 జూలై 18 నుంచి 5 శాతం ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో పదిమంది నిలబడి ఉంటారు. ఒకరికి పావుకిలో పప్పు, ఒకరికి రెండు రూపాయల షాంపూ, ఒకరికి ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం. తూకం వేయాలా, ఏది ఏ శాతమో విడదీసి రాయాలా? పెద్ద బజార్లలో ఆ పని యంత్రం చేస్తుంది. నా కొట్టులో నేనే చేయాలి.

పన్నుల విషయంలో మీరు మంచి చేయలేదని నేను అనడం లేదు. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, బిస్కెట్ల మీద పన్నును 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మా గిరాకీ చాలామంది ఐదు, పది రూపాయల పొట్లాలు కొనేవాళ్లే, వాళ్లకు మేలు జరగాలి. కాకపోతే ఆ రోజు నా అలమరలో ఉన్న పాత సరుకు 18 శాతం కట్టి తెచ్చినది. రిజిస్ట్రేషను లేని నాకు ఆ తేడా తిరిగి తెచ్చుకునే దారి చట్టంలో లేదు. వచ్చినవాళ్లకు కొత్త ధరకే ఇచ్చాను. పేపర్లో చదివి వచ్చి అడిగేవాళ్లతో వాదించలేం కదా. ఒక్కసారి తగిలిన దెబ్బ అది, దాని గురించి ఇప్పుడు అడగడం లేదు.

నా కొట్టు ఈ బజారుకు ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అటు శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటలు నేలకూలాయి, ఇటు మా గజపతి జిల్లాలో కొండ చరియలు విరిగిపడి మనుషులు పోయారు. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంలు మూతపడ్డాయి. మావారు, నేను సగం తలుపు తీసి, కొవ్వొత్తి వెలుగులో పుస్తకం ముందు పెట్టుకుని, అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చాం. బియ్యం, అగ్గిపెట్టెలు, పాలపొడి. గీతకు ఏ పక్క నుంచి వచ్చారని ఎవరినీ అడగలేదు. ఆ వారం రాసిన బాకీల్లో కొన్ని ఇప్పటికీ తీరలేదు. వాటిని నేను కొట్టేయలేదు, అడగనూ లేదు. ఫోనులో చెప్పులు పంపే కంపెనీల మీద నాకు కోపం లేదు, వాటి పని అవి చేస్తున్నాయి. ఆ వారం మాత్రం మా వీధిలో దొరికిన సరుకు, అప్పటికే మా కొట్లలో ఉన్న సరుకే.

నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. సేవలు అందించేవాళ్లు రాష్ట్రం దాటి పని చేసినా 20 లక్షల లోపైతే రిజిస్ట్రేషను అక్కర్లేదని 2017 అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చారు. చేతివృత్తుల వస్తువులకు కూడా అలాంటి మినహాయింపు ఉంది. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబర్ 1 నుంచి సడలింపు ఇచ్చారు. జీడిపిక్కలనే చూడండి. రైతు అమ్మితే పన్ను బాధ్యత కొన్న వర్తకుడిదే, రైతుకు లెక్కల బాధ లేకుండా మీరే ఏర్పాటు చేశారు. అదే జీడిపిక్కల డబ్బుతో నా దగ్గర ఏడాది బాకీ తీర్చుకునే మనిషిని కాపాడారు, ఆ బాకీ మోసిన కొట్టును మరిచిపోయారు.

సరిహద్దు జిల్లాలో ఉండి, ఏడాది అమ్మకం 40 లక్షలు దాటని వర్తకులు, గీత అవతల ఆనుకుని ఉన్న జిల్లాకు సరుకు పంపితే దాన్ని సొంత రాష్ట్రంలో అమ్మకంలాగే చూడండి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు అదే పక్క జిల్లాకు పంపినా వాళ్ల వెసులుబాటు పోకుండా చూడండి. ఆ ఒక శాతం ఏ రాష్ట్రానికి చెందాలో మీరు మీరు తేల్చుకోండి, ఆ మొత్తం మీకు పెద్ద లెక్క కాదు.

దీన్ని అడ్డం పెట్టుకుని పెద్ద టోకు వర్తకులు మా పేర్ల మీద లారీలు దాటిస్తారని మీ అధికారులకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. అలాంటివాళ్లను మేమూ చూశాం. అందుకే హద్దు పెట్టండి. అవతలికి పంపేది ఏడాదికి పది లక్షలు మించకూడదనండి, ఒక్కోసారి పంపేది 50 వేలు దాటకూడదనండి. అంతకు మించని సరుకుకు ఇప్పుడు కూడా రవాణాలో వెంట ఉంచుకునే ఈ-వే బిల్లు అడగడం లేదు. కొనే కొట్టు పేరు, ఊరు రాసిన చిన్న రసీదు పుస్తకం పెట్టమంటే పెడతాం. మేము లెక్క తప్పించుకోవాలని చూడటం లేదు, మా చేతికి అందే లెక్క ఇమ్మంటున్నాం.

ఇది పర్లాకిమిడి ఒక్కదాని గోడు కూడా కాదు. రాయగడకు పార్వతీపురం ఉంది, బరంపురానికి ఇచ్ఛాపురం ఉంది. మహారాష్ట్రలో ధర్మాబాద్ వర్తకుడికి బాసర, సిరోంచా వర్తకుడికి నది అవతల కాళేశ్వరం ఉన్నాయి. ఆ ఊళ్లలోనూ తెలుగులో పద్దు రాసే కొట్లు ఉన్నాయి. మండలిలో ప్రతి రాష్ట్రానికీ సమానమైన ఓటు ఉందని చదివాను. ఒడిశా మంత్రిగారు, ఆంధ్ర మంత్రిగారు కలిసి ఈ విషయం ఎజెండాలో పెట్టమని అడిగితే, మహారాష్ట్ర, తెలంగాణ మంత్రులు కాదనడానికి కారణం ఉండదని నా నమ్మకం.

ఈ లేఖ ఒడియా ప్రతిని మా అబ్బాయి రాసి పెట్టాడు, అది భువనేశ్వర్‌కు వెళ్తుంది. ఇది అమరావతికి. నేను చెప్పినదాంట్లో అనుమానం ఉంటే ఒక అధికారిని పంపండి. ఖాతా పుస్తకం ముందు పెడతాను, పాత బాకీలతో సహా. సంక్రాంతి ముందు వారమైతే మంచిది. పొద్దున్న ఎనిమిది గంటల ఆటోలో పాతపట్నం నుంచి ఆమె వస్తుంది. పండగ సరుకు కాబట్టి ఆ వారం రెండు పెట్టెలు ఉంటాయి. రెండోది ఆటోలో పట్టదు, మళ్లీ మధ్యాహ్నం రావలసి ఉంటుంది.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు యజమానురాలు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా